పరిశోధనలో రైతు వాటా

వరిలో ఒక కొత్త వంగడం తయారై రైతు చేతికి రావడానికి మామూలుగా పదేళ్లకు తక్కువ పట్టదు. ముందు రెండు రకాలను సంకరపరుస్తారు. వచ్చిన సంతతిలో తరం వెంట తరం మంచి మొక్కలను ఏరుకుంటూ పోతారు. గుణాలు స్థిరపడ్డాక పరిశోధన కేంద్రంలోనే దిగుబడి చూస్తారు, ఆ తర్వాత వేర్వేరు ప్రాంతాల కేంద్రాల్లో చూస్తారు. అన్నీ అయ్యాక వచ్చేది చిరుసంచుల దశ. కొద్ది కిలోల విత్తనం రైతుల మడుల్లో పడేది అప్పుడే. రైతు ఆ పైరును మొదటిసారి చూసేసరికి పైరు ఎత్తు, పంటకాలం, గింజ సన్నమా లావా అన్న విషయాలన్నీ ఎప్పుడో పదేళ్ల కిందట ఇంకొకరు తేల్చేసి ఉంటారు. రైతుకు మిగిలేది ఒప్పుకోవడమో వద్దనడమో.

వద్దన్న రైతుకు చాలాకాలం మంచి పేరు రాలేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో కొత్త పద్ధతులు జనంలోకి ఎలా పాకుతాయో వివరిస్తూ, అందరికంటే చివర అందుకునేవారిని వెనకబడ్డవారి లెక్కలో వేశాడు. విస్తరణ విద్య పుస్తకాలన్నీ ఆ వర్గీకరణనే పాఠంగా చెప్పాయి. తప్పు విత్తనంలో ఉండవచ్చునన్న అనుమానం ఆ చట్రంలో ఇమడలేదు.

పరిశోధన కేంద్రం మడి చదునుగా ఉంటుంది. నీరు అడిగినప్పుడు వస్తుంది, ఎరువు వేళకు పడుతుంది, కలుపు తీయడానికి కూలీలు ఉంటారు. కాలువ చివరి రైతుకు నీరు ఇరవై రోజులు ఆలస్యంగా వస్తే నారు ముదిరిపోతుంది. ముదురు నారు నాటినా నిలదొక్కుకునే రకం అతనికి కావాలి. లేత నారు నాటిన మడిలో మొదటి స్థానం వచ్చిన రకం అతని పొలంలో నాలుగో స్థానానికి దిగిపోవచ్చు. వాతావరణం, నేల, యాజమాన్యం మారితే రకాల వరుస కూడా మారుతుందన్నది ప్రజనన శాస్త్రం ఎప్పుడో ఒప్పుకున్న సంగతే. పైగా రైతు చూసేది ధాన్యం తూకం ఒక్కటే కాదు. గడ్డిని పశువు తింటుందా, అన్నం పొద్దుటికి గట్టిపడుతుందా, మిల్లులో నూక ఎంత పోతుంది, వ్యాపారి ఏ ధర కడతాడు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

తెలుగు నేల మీద దీనికి గట్టి ఉదాహరణ మసూరి. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో కటక్‌లో ఇండికా, జపోనికా వరి రకాలను కలిపే పెద్ద పథకం నడిచింది. అందులో తైవాన్ రకం తైచుంగ్ 65కూ మలయా రకం మయాంగ్ ఎబోస్ 80కీ సంకరం చేశారు. ఆ సంతతి నుంచి ఎంపికైన మసూరిని 1965లో మలేసియా విడుదల చేసింది. 1960ల చివర్లో అది మన దేశానికి వచ్చింది. అది పొట్టి వంగడాల మోజు కాలం. మసూరి ఎత్తుగా పెరుగుతుంది, ఎరువు ఎక్కువైతే పడిపోతుంది. అధికారిక పరీక్షల్లో దానికి ఆదరణ దక్కలేదు. అయినా ఆంధ్రప్రదేశ్ రైతుల చేతుల్లో అది నిలిచింది. పరిశోధన మడిలో పనిచేసిన ఒక కూలీ కాసిని గింజలు తీసుకుపోయి వేసుకోవడంతో మొదలైందని ఒక కథనం ఉంది. ఎలా మొదలైనా, ఏ ప్రచారమూ లేకుండా రైతు నుంచి రైతుకు చేరి, దేశంలో అతి విస్తారంగా సాగయ్యే వరి రకాల్లో ఒకటైంది. తక్కువ ఎరువుతో పండడం, గింజ నాణ్యత, అన్నం రుచి రైతులకు నచ్చాయి. పడిపోయే గుణాన్ని వాళ్లు ఎరువు తగ్గించి సర్దుకున్నారు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. శాస్త్రవేత్తలు ఆ ఎంపికను గౌరవించి మసూరిని తల్లిదండ్రుల వరుసలోకి తీసుకున్నారు. మారుటేరు పరిశోధన కేంద్రంలో వశిష్ఠ అనే రకంతో కలిపితే స్వర్ణ వచ్చింది, అదే 1982లో విడుదలైన ఎంటీయూ 7029. బాపట్లలో మసూరిని వాడి చేసిన సంకరం నుంచి 1986లో సాంబ మసూరి వచ్చింది, అదే బీపీటీ 5204. స్వర్ణ ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా పాకింది. సాంబ మసూరి తెలుగువారి సన్నబియ్యానికి మారుపేరైంది. పరీక్షలో వెనకబడిన రకాన్ని రైతులు నిలబెట్టకపోయి ఉంటే ఈ రెండూ పుట్టేవి కావు.

తెలంగాణ దుకాణాల్లో సంచుల మీద కనిపించే హెచ్ఎంటీ బియ్యం వెనక కథ కూడా ఇలాంటిదే. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా చిన్నరైతు దాదాజీ ఖోబ్రగడే 1983లో పటేల్ 3 అనే రకం వేసిన తన పొలంలో తేడాగా ఉన్న కంకులు గమనించాడు. వాటిని విడిగా దాచి, విడిగా విత్తి, ఏళ్ల తరబడి ఏరుకుంటూ వచ్చాడు. అప్పట్లో పేరున్న గడియారం పేరునే ఆ రకానికి పెట్టుకున్నారు. ప్రజననకారుడు చేసే పని ఇదే. అతని చేతిలో లేనివి రెండే, డిగ్రీ ఒకటి, ప్రయోగశాల ఒకటి. అతను 2018లో చనిపోయేనాటికి ఆ బియ్యం అనేక రాష్ట్రాల్లో పండుతోంది, దాని మీద అతనికి వచ్చిన ఆదాయం మాత్రం చెప్పుకోదగ్గది కాదు.

విస్తరణ విషయానికొస్తే, 1970ల మధ్య నుంచి ప్రపంచ బ్యాంకు ప్రోత్సాహంతో మన దేశంలో శిక్షణ, సందర్శన పద్ధతి నడిచింది. దాని రూపకర్త ఇజ్రాయెల్‌కు చెందిన డేనియల్ బెనోర్. గ్రామస్థాయి ఉద్యోగికి పక్షానికోసారి శిక్షణ ఇస్తారు. అతడు ముందే చెప్పిన రోజున ఊళ్లోకి వచ్చి ఎంపిక చేసిన కొందరు రైతులకు ఆ పక్షపు సందేశం చెబుతాడు, వాళ్లు మిగతావారికి చెప్పాలి. ఫలానా రోజున ఉద్యోగి వస్తాడన్న నమ్మకం కలగడం అందులో నిజమైన మేలు. కాలువల కింద ఒకే పంట వేసే చోట అది బాగానే పనిచేసింది. మెట్టలో చతికిలబడింది. ఒకే ఊళ్లో నల్లరేగడి, చల్కా పక్కపక్కనే ఉంటాయి, వాన ఈ పొలంలో కురిసి ఆ పొలంలో కురవదు. అందరికీ ఒకటే సందేశం అక్కడ ఎవరికీ సరిపోలేదు. సందేశం పైనుంచి కిందికి దిగడానికి మెట్లున్నాయి, రైతు ప్రశ్న పైకెక్కడానికి లేవు.

రైతు పాల్గొంటున్నాడు అన్న మాటకు చాలా అర్థాలున్నాయి. పరిశోధకుడు స్టీఫెన్ బిగ్స్ 1989లో వాటిని నాలుగు మెట్లుగా విడదీశాడు. మొదటి మెట్టులో శాస్త్రవేత్త రైతు భూమినో శ్రమనో వాడుకుంటాడు, ప్రయోగం పూర్తిగా తనదే. రెండోదానిలో రైతును ఇబ్బందులు అడిగి తెలుసుకుని పరిష్కారం తానే వెతుకుతాడు. మూడోదానిలో ఇద్దరూ కలిసి ప్రయోగం చేస్తారు. నాలుగోదానిలో రైతులు సొంతంగా చేసుకునే ప్రయోగాలకు శాస్త్రవేత్త తోడు నిలుస్తాడు. నివేదికల్లో భాగస్వామ్యం పేరుతో కనిపించేది ఎక్కువగా మొదటి రెండు మెట్లే. రైతు పొలంలో బోర్డు పాతి ఫొటో దిగినంత మాత్రాన మూడో మెట్టు ఎక్కినట్టు కాదు.

మూడో మెట్టు ఎలా ఉంటుందో రువాండా చూపించింది. అక్కడ చిక్కుడు జాతి గింజలు నిత్యాహారం. రైతులు ఒక్క రకం వేయరు, ఎన్నో రకాల గింజలు కలిపి చల్లుతారు. ఆ పంట ఆడవాళ్లది. 1980ల చివర్లో పరిశోధకురాలు లూయిస్ స్పెర్లింగ్, ఆమె సహచరులు ఊళ్లలో మంచి పేరున్న మహిళా రైతులను పరిశోధన మడుల్లోకి పిలిచి, నచ్చిన రకాలు ఏరుకోమన్నారు. వాళ్లు కాయల సంఖ్య చూసి ఆగలేదు. ఇది అరటి తోట నీడలో కాస్తుందా, పేద నేలలో నిలుస్తుందా, మిగతా గింజలతో కలుస్తుందా అని చూశారు. ఆ రకాలు వాళ్ల సొంత పొలాల్లో, శాస్త్రవేత్తలు ఎంచిన రకాల కంటే మెరుగ్గా పండాయి. నిపుణుల ఎంపిక తప్పని కాదు. ఆ ఎంపిక కేంద్రం మడికి సరిపోయింది, ఆడవాళ్ల ఎంపిక వాళ్ల పొలానికి.

అనంతపురం వేరుశనగ కథ మనకు దగ్గరిది. అక్కడ ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అదీ నమ్మకం లేనిది. 1940లో తిండివనం నుంచి విడుదలైన టీఎంవీ 2 అరవై ఏళ్లు దాటినా ఆ జిల్లాను ఏలింది. మధ్యలో కొత్త రకాలు రాకపోలేదు, పొలంలోకి దిగలేదు. కారణం రైతు మొండితనం కాదు. వేరుశనగకు ఎకరానికి విత్తనం చాలా కావాలి, ఒక బస్తా వేస్తే తిరిగి వచ్చేది పది బస్తాల లోపే. కొత్త రకం విత్తనం పెరిగి పదిమందికి చేరడానికి ఏళ్లు పడుతుంది. 2000 తర్వాత ఇక్రిశాట్, జిల్లాలోని పరిశోధన కేంద్రం, స్వచ్ఛంద సంస్థలు కలిసి రైతుల పొలాల్లోనే రకాలను పక్కపక్కన వేసి ఎంపిక వారికే వదిలాయి. ఐసీజీవీ 91114 అనే రకం వాళ్ల కంటబడింది. త్వరగా కోతకొస్తుంది, బెట్టకు ఓర్చుకుంటుంది. పశువులున్న ఇళ్లవారు కట్టెను కూడా లెక్కలోకి తీసుకున్నారు. వాన తప్పిన ఏడు కాయ రాకపోయినా కట్టె ఉంటే గొడ్డు బతుకుతుంది. దిగుబడి పట్టికలో ఈ లెక్కకు గడి ఉండదు.

ఇలాంటి ప్రయోగాల నుంచి గణితపరంగా నమ్మదగిన ఫలితం రాబట్టడం తేలిక కాదు. రైతుల పొలాలు ఒకదానికొకటి పోలవు, ఒకరు రెండుసార్లు దంతె తోలితే ఇంకొకరు అసలు తోలరు. 1990లలో మలావిలో సీగ్లిండే స్నాప్ బృందం తల్లి–పిల్ల ప్రయోగాల పద్ధతి తెచ్చింది. ఊరి మధ్య ఒక తల్లి మడి ఉంటుంది, అందులో పరీక్షించదలచినవన్నీ శాస్త్రీయ పద్ధతిలో పునరావృతం చేసి వేస్తారు. చుట్టూ రైతుల పొలాల్లో పిల్ల మడులుంటాయి, ఒక్కోదానిలో ఆ రైతు తనకు నచ్చిన రెండో మూడో మాత్రమే తన పద్ధతిలో వేస్తాడు. తల్లి మడి కచ్చితత్వం ఇస్తుంది, పిల్ల మడులు వాస్తవం ఇస్తాయి.

ఇంకో పద్ధతి ఇంతకంటే సరళం. ఒక్కో రైతుకు మూడే రకాల విత్తనం, పేరు చెప్పకుండా గుర్తు మాత్రం వేసి ఇస్తారు. పంట అయ్యాక అడిగేవి రెండే ప్రశ్నలు: మూడింటిలో ఏది మేలు, ఏది నాసి? మిగిలింది నడిమిది, అడగనక్కరలేదు. తూకం వేయనక్కరలేదు, కొలతలు రాయనక్కరలేదు. ఒక్కో రైతు ఇచ్చే సమాచారం చిన్నదే. వందల వేల మంది ఇచ్చిన వరుసలను కలిపి, ఆయా ఊళ్ల వాన, ఎండల వివరాలతో జోడిస్తే ఏ రకం ఎక్కడ నప్పుతుందో తేలుతుంది. ఇథియోపియాలో, నికరాగువాలో, మన దేశంలో ఈ పద్ధతి పరీక్షకు నిలిచింది.

విత్తనం సంగతి ఒక ఎత్తు, పురుగు సంగతి ఇంకో ఎత్తు. 1970ల్లో ఇండొనేసియా వరి చేలు సుడిదోమతో సుడులు సుడులుగా ఎండిపోయాయి. ప్రభుత్వం మందుల మీద భారీ రాయితీ ఇచ్చి చల్లించింది, దోమ ఇంకా పెరిగింది. పీటర్ కెన్మోర్ వంటి కీటక శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. సుడిదోమ గుడ్లు ఆకుతొడిమ కణజాలం లోపల ఉంటాయి, మందు వాటిని తాకదు. పైన తిరిగే సాలీళ్లు, దోమ గుడ్లు పీల్చే మిరిడ్ నల్లులు మాత్రం చస్తాయి. వారం తిరిగేసరికి గుడ్లు పొదుగుతాయి, పిల్లలకు శత్రువు ఉండదు. 1986లో ఇండొనేసియా అధ్యక్షుడి ఉత్తర్వుతో 57 పురుగుమందులను వరిలో నిషేధించారు, రాయితీ క్రమంగా ఎత్తేశారు. చల్లవద్దని ఆజ్ఞాపిస్తే సరిపోదు, ఎందుకు వద్దో రైతు తానే చూడాలి. ఆ ఆలోచన నుంచి 1989లో క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. మన వ్యవసాయ శాఖ వాటినే పొలంబడి అంటుంది.

పొలంబడిలో పాతిక మంది రైతులు పంటకాలమంతా వారానికో ఉదయం కలుస్తారు. అయిదుగురేసి జట్లుగా చేలో దిగి, కొన్ని దుబ్బులు ఎంచుకుని, పిలకలు, ఆకు రంగు, పురుగులు, వాటిని తినే పురుగులు లెక్కపెట్టి గట్టెక్కుతారు. చెట్టు కింద పెద్ద కాగితం పరిచి నడిమధ్య మొక్క బొమ్మ గీస్తారు, ఒక పక్క చెడ్డ పురుగులు, ఇంకో పక్క సాలీడు, అక్షింతల పురుగు వంటి మిత్రులు. ఈ వారం ఏం చేయాలో జట్టు చెబుతుంది, మిగతా జట్లు నిలదీస్తాయి. నడిపే వ్యక్తికి ఒక నియమం ఉంది: ఇదేం పురుగు అని అడిగితే పేరు చెప్పకూడదు. ఎక్కడ దొరికింది, ఏం చేస్తుండగా చూశారు, ఇంకేమైనా తింటోందా అని తిరిగి అడగాలి. అనుమానం తీరకపోతే ఆ పురుగును, కొన్ని దోమలను వల కట్టిన సీసాలో ఉంచి మర్నాడు లెక్కపెట్టుకోవాలి. సాలీడు ఉన్న సీసాలో దోమలు తగ్గిపోతే ఇక ఉపన్యాసం అక్కరలేదు. పైరు తొలిదశలో కొన్ని ఆకులు కత్తిరించి దిగుబడి తగ్గుతుందో లేదో చూడడం ఇంకో ప్రయోగం. ఆకు తినే పురుగు కనబడగానే మందు డబ్బా ఎత్తే అలవాటు అక్కడే సడలుతుంది.

ఈ పాఠశాలల ఫలితం మీద వాదం ఉంది. ఇండొనేసియా మీదే ఫెడర్, ముర్గయ్, క్విజోన్ 2004లో ప్రచురించిన అధ్యయనం, వాటిలో చదివిన రైతుల దిగుబడుల్లోగానీ మందుల వాడకంలోగానీ చెప్పుకోదగ్గ మార్పు లేదని, పక్క రైతులకు జ్ఞానం పాకలేదని తేల్చింది. మందుల వాడకం బాగా తగ్గిందని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. ఒక్కటి మాత్రం అర్థమవుతుంది. మసూరి గింజ గట్టు దాటినంత తేలికగా చూపు గట్టు దాటదు. అది వారం వారం చేలో దిగినవారికే అబ్బుతుంది, అందుకే ఖర్చెక్కువ.

రైతులే కొలిచి, రైతులే లెక్కగట్టిన ప్రయోగాల్లో పెద్దదొకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని వందలాది ఊళ్లలో రైతుల భూగర్భజల పథకం నడిచింది. ఆడా మగా రైతులు వర్షమాపకం చదివి రాసేవారు, పరిశీలన బోర్లలో నీటిమట్టం పక్షానికోసారి కొలిచేవారు. బోరు ఎంత పోస్తుందో తెలియడానికి డ్రమ్ము పెట్టి, అది నిండడానికి పట్టిన సెకన్లు లెక్కపెట్టేవారు. అంకెలన్నీ ఊరి గోడ మీదికెక్కేవి. ఖరీఫ్ ముగిశాక, రబీ విత్తే ముందు ఒక రోజు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసేవారు. కురిసిన వానలో భూమిలోకి ఎంత ఇంకింది, ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలిచారు, దానికి ఎంత నీరు కావాలి అన్నది లెక్కవేస్తే చాలాసార్లు లోటే తేలేది.

ఆ తర్వాత ఏ ఆంక్షా లేదు, వరి వేయొద్దన్నవారు లేరు, రాయితీ ఆశ పెట్టినవారూ లేరు. లోటు చూసిన రైతుల్లో చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు. బోర్ల మీద చట్టం చేయలేని పని అంకె చేసిందని ప్రపంచ బ్యాంకు అధ్యయనం మెచ్చుకుంది. తర్వాతి పరిశీలనలు మరీ అంత మెచ్చలేదు, పథకం ముగిశాక చాలాచోట్ల కొలతలు ఆగిపోయాయని, ప్రభావం అన్ని ఊళ్లలో ఒకే తీరుగా లేదని చెప్పాయి. రెండూ నమ్మదగినవే. పక్షానికోసారి బోరు కొలిచే మనిషికి కూలి ఎవరిస్తారన్న చిన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఏ పరిశోధనా నిలవదు.

అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో దారి వేరు. పత్తి మందుల అప్పుల్లో మునిగిన ఆ ఊళ్లో 1999లో కొద్దిమంది రైతులు స్వచ్ఛంద సంస్థల సాయంతో మందు లేని సాగు మొదలుపెట్టారు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటగా ఆముదం, బంతి వంటివే వాళ్ల సాధనాలు. 2003 నాటికి ఊరంతా పురుగుమందు మానేసినట్టు ప్రకటించుకుంది. ఆ అనుభవమే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా మహిళా సంఘాల చేతుల మీదుగా వేల ఊళ్లకు చేరింది. ఇక్కడ విస్తరణ ఉద్యోగి పాత్రలో ఉన్నది చేసి చూపిన రైతే. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి ప్రకృతి సాగు కార్యక్రమం కూడా ఆ నమూనా మీదే నడుస్తోంది. దిగుబడుల మీద శాస్త్రవేత్తల్లో భేదాభిప్రాయాలున్నాయి. అవి తేలాల్సింది కూడా రైతులు రాసుకున్న లెక్కలు దగ్గర పెట్టుకునే.

వ్యవస్థలో రైతుకు కుర్చీ లేకపోలేదు. 1998లో ప్రయోగాత్మకంగా మొదలై 2005 నుంచి విస్తరించిన ఆత్మ అనే వ్యవసాయ విస్తరణ పథకంలో మండల స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా రైతు సలహా మండళ్లున్నాయి. కృషి విజ్ఞాన కేంద్రాలకు శాస్త్రీయ సలహా సంఘాలున్నాయి, వాటిలో రైతులుంటారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఖరీఫ్‌కు, రబీకి ముందు జరిపే మండలి సమావేశాలకు అభ్యుదయ రైతులను పిలుస్తారు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు తాను రూపొందించిన రకాన్ని తన పేరుతో నమోదు చేసుకోవడానికి వీలిచ్చింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారన్నదే అసలు పేచీ. పట్టాదారు వస్తాడు, సాగు చేసే కౌలు రైతు రాడు. నాట్లు, కలుపు, విత్తనం దాచడం చేసే ఆడమనిషి పేరు ఆమె పేరున భూమి లేనందున జాబితాలో ఉండదు. ప్రతి సమావేశానికీ పిలుపు అందేది ఎప్పుడూ అదే పదిమందికి. తెలంగాణలో రైతు వేదికలు కట్టినా, ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా సేవా కేంద్రాలు పెట్టినా, ఈ పిలుపుల జాబితా మారకపోతే మారేది భవనమే.

ఇంకో లోటు ఉంది, దాన్ని దిద్దడానికి కొత్త పథకం అక్కరలేదు. రైతు పొలంలో ప్రయోగం వేసి, కోత రోజున తూకం రాసుకుని వెళ్లినవారు ఆ ఫలితం ఏమైందో తిరిగివచ్చి చెప్పడం అరుదు. ఆ అంకె నివేదికలోకి పోతుంది, వ్యాసంలోకి పోతుంది, పొలం ఇచ్చిన మనిషికి అందదు. రైతు మడిలో వేసిన ప్రతి ప్రయోగం ఫలితాన్నీ వచ్చే విత్తనాల వేళకు ముందే అదే ఊళ్లో, తెలుగులో చదివి వినిపించాలి, విఫలమైనవి కూడా. అది ప్రయోగం ఖర్చులో భాగంగా లెక్కవేయాలి, చెప్పనివారికి మరుసటి ఏడాది ఆ ఊళ్లో మడి ఇవ్వకుండా ఉండే హక్కు రైతులకు ఉండాలి.